సముద్రం ఒరిగిందని ఎవరూ అనలేదు

కాకినాడలో మా తూర్పుతీర ఛాయాచిత్రకారుల సమాఖ్యకు ఆరేళ్ళుగా నేను కార్యదర్శిని. బళ్ళో లెక్కలు చెబుతాను. తీరిక దొరికితే సూర్యోదయాలు ఫోటో తీస్తాను. మొత్తం ఇరవై ముగ్గురం సభ్యులం. ఆదివారం పొద్దున్న పది గంటలకు గ్రంథాలయం మేడ మీద చేరి, ఆ వారం తీసిన ఫోటోలు తెర మీద వేసుకుని చూస్తాం. చూసి 'బాగుంది' అనుకుంటాం. ఆ తర్వాత టీ తాగి ఎవరిళ్ళకు వాళ్ళం వెళతాం. చాలా ఏళ్ళపాటు మా సమాఖ్య ఇంతకు మించి ఏ పనీ చెయ్యలేదు, ఎవరికీ అపకారం కూడా చెయ్యలేదు.

తంటా నెమలితో వచ్చింది. బ్యాంకు మేనేజరుగా రిటైరైన సదాశివమూర్తి గారు ఒక ఆదివారం నెమలి ఫోటో తెచ్చారు. బస్టాండు దగ్గర ముప్ఫై ఏళ్ళుగా స్టూడియో నడుపుతున్న కన్నబాబు దాన్ని చాలాసేపు చూసి, "ఇది నెమలాండీ, బూజుకర్రాండీ?" అని అడిగాడు. వెటకారం కాదు. అతనికి నిజంగానే తెలియలేదు. సదాశివమూర్తి గారు లేచి, తెర విప్పి, చుట్టచుట్టి, ఆటోలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తెర ఆయన విరాళమే. రెండు ఆదివారాలు ఫోటోలు గోడ మీదే వేసుకున్నాం. గోడకు పెద్ద బీట ఉంది. ఎవరు ఏ ఫోటో తీసినా మధ్యలో ఆ బీట కనబడింది.

మా అధ్యక్షులు ఆకెళ్ళ భీమశంకరం గారు సహకార శాఖలో డిప్యూటీ రిజిస్ట్రారుగా చేసి రిటైరయ్యారు. ఆయన సదాశివమూర్తి గారి ఇంటికి మూడుసార్లు వెళ్ళి, మూడోసారి తెరతోనూ ఒక నియమావళితోనూ తిరిగొచ్చారు. దాన్ని నిలబడి చదివారు.

"సభ్యుల సృజనాత్మక మనోభావములకు విఘాతము కలుగకుండ కాపాడుట సమాఖ్య ప్రథమ కర్తవ్యమై యున్నందున, ఇకమీదట ఏ ఛాయాచిత్రముపైననూ అభిప్రాయము నిర్మాణాత్మకముగా మాత్రమే వెలిబుచ్చవలెను."

"నిర్మాణాత్మకమంటే ఏంటండీ?" అన్నాడు కన్నబాబు.

"నిర్మాణమంటే కట్టడం. ఇటుక మీద ఇటుక పెట్టాలి. పీకకూడదు."

"పునాది వంకరగా ఉంటేనో అండీ?"

"ముందు పునాదిని అభినందించాలి," అన్నారు అధ్యక్షులు.

నియమాలు పద్నాలుగు. అభిప్రాయం నోటితో చెప్పకూడదు, ఫారం నింపాలి. మొదట రెండు ప్రశంసలు, ఆ తర్వాత ఒక సూచన, చివర మళ్ళీ ఒక ప్రశంస. తెల్ల ప్రతి ఫోటో తీసినవారికి, గులాబి ప్రతి ఫైలుకు, పసుప్పచ్చ ప్రతి రాసినవారికి. తప్పు, లోపం, మసక, చీకటి, వంకర అనే మాటలు నిషేధం. వాటికి బదులు ఏం రాయాలో అనుబంధంలో ఇచ్చారు. మసకను మృదుత్వమనాలి. చీకటిగా ఉంటే వెలుగు విషయంలో పొదుపు అనాలి. వంకర అన్నమాటకు స్వేచ్ఛారేఖ అని ఉంది.

కన్నబాబును మూడు నెలలపాటు శ్రోత సభ్యుడిగా మార్చారు. అంటే రావచ్చు, కూర్చోవచ్చు, టీ తాగవచ్చు. మాట్లాడకూడదు, ఫారం రాయకూడదు. దాని మీద అభ్యంతరం చెప్పాలన్నా వీలు లేదు.

ఆ తర్వాతి ఆదివారం సత్యవేణి వచ్చింది.

సత్యవేణి ఉప్పాడ అవతల బెస్తపల్లెల్లో నర్సు. స్కూటరు మీద ఊరూరా తిరిగి పిల్లలకు టీకాలు వేస్తుంది. మా సమాఖ్యలో ఆమె చేరి ఏడాదైంది. వాడిన కెమెరా ఒకటి కొనుక్కుంది. వచ్చిన ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుని, నోటుపుస్తకంలో ఏదో రాసుకునేది. ఆ రోజు మొదటిసారి తన ఫోటో తెచ్చింది.

"రేవుపాకల్లో పోలమ్మ పిన్ని ఇల్లండి ఇది," అంది, తెర పక్కన నిలబడి. "సముద్రం కోసేసుకుంటా వచ్చి గోడ కిందకి చేరిపోయిందండి. కట్ట ఇవతల ఇళ్ళస్థలాలు ఇస్తన్నారంటే ఆవిడ చేత అర్జీ పెట్టించేను. ఇంటి పరిస్థితి తెలిసేలాగ ఫోటో జతచెయ్యమన్నారు. ఇదే పెట్టేనండి. ఇల్లు బానే ఉందని రాసి మండలాఫీసోళ్ళు తిప్పి పంపేసేరు. ఇంకొక్కసారే అవకాశం. గడువు ఇరవయ్యారు రోజులుందండి. నేను మళ్ళీ రెండుసార్లు వెళ్ళి తీసేను, అలాగే వస్తంది. ఇందులో ఏం తేడా ఉందో పెద్దోళ్ళు మీరు చెప్తే, సరిచేసుకుని పంపుతానండి."

ఫోటో తెర మీద పడింది. ఒక మట్టిగోడల ఇల్లు. గుమ్మంలో పోలమ్మ కూర్చుని ఉంది. ఇంటి వెనకా కుడిపక్కనా సముద్రం. ఆ సముద్రం కుడిచేతివైపు పైకి లేచి, ఎడమచేతివైపు కిందికి జారుతోంది. ఇంకాసేపు చూస్తే నీళ్ళన్నీ గ్రంథాలయంలోకి వచ్చేస్తాయేమో అనిపించేంతగా జారుతోంది.

అది అందరికీ కనబడింది. కనబడినట్టు నాకెలా తెలుసంటే, కూర్చున్న ఇరవైమందిమీ తలలు కొద్దిగా ఎడమకు వంచాం. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని మళ్ళీ సర్దుకున్నాం. తర్వాత ఫారాలు తీశాం.

వెనక బెంచీలో కన్నబాబు చెయ్యి ఎత్తాడు.

"శ్రోతలకు చెయ్యి ఎత్తే సదుపాయం లేదు," అన్నారు అధ్యక్షులు. కన్నబాబు చెయ్యి దించాడు.

సత్యవేణికి పంతొమ్మిది తెల్ల ప్రతులు ముట్టాయి. ఆకాశం ఎంతో విశాలంగా ఉందని తొమ్మిదిమంది రాశారు. స్త్రీమూర్తి శిరస్సును ఒకవైపు వాల్చి జీవితాన్ని ప్రశ్నిస్తున్న తీరు హృద్యమని సదాశివమూర్తి గారు రాశారు. కెరటాలలో చలనం ఉందని ఒకరు, ఆ చలనంలో ఆలోచన ఉందని మరొకరు. సూచన అన్న గడిలో ఎక్కువమంది 'ఇలాగే కొనసాగించండి' అని రాశారు. నేను చాలాసేపు ఆలోచించి, 'సాగరతలమున స్వేచ్ఛారేఖ గమనార్హము' అని రాశాను. రాసి, నా బాధ్యత తీరిందనుకున్నాను.

దిగేటప్పుడు మెట్ల దగ్గర సత్యవేణి నన్ను ఆపింది. చేతిలో కాగితాల దొంతర ఉంది.

"మాస్టారూ, స్వేచ్ఛారేఖంటే ఏంటండి?"

నేను చుట్టూ చూశాను. అధ్యక్షులు పైమెట్టు మీద చెప్పులు తొడుక్కుంటున్నారు.

"అది... సముద్రం విషయంలో మీరు కొంచెం స్వతంత్రంగా వెళ్ళారని భావం, అమ్మా."

"అంటే బాగున్నట్టా, బాగోనట్టా?"

"ఆ నిర్ణయం తీసుకునే అవకాశం ఫోటో తీసినవారికే ఇవ్వాలని ఆరో నియమం," అన్నాను.

ఆమె కాగితాల దొంతర సంచిలో పెట్టుకుని, "ఆయ్, సరేనండి," అని స్కూటరు తీసింది.

రెండో ఆదివారం ఫారాలను ఎవరూ ఊహించనంత తీవ్రంగా చర్చించాం. నియమావళి పెట్టినంత మాత్రాన చాలదనీ, వచ్చిన అభిప్రాయాలు నిజంగా నిర్మాణాత్మకంగా ఉన్నాయో లేదో చూడాలనీ సదాశివమూర్తి గారు ప్రతిపాదించారు. ఆయన అధ్యక్షతన అభిప్రాయ పరిశీలక ఉపసంఘం ఏర్పడింది. ఆ ఉపసంఘం ఒక్కొక్క అభిప్రాయం మీదా తన అభిప్రాయం రాసింది. అదీ రెండు ప్రశంసలతోనే. నా ఫారం తిరిగొచ్చింది. దస్తూరి ముత్యాల్లా ఉందనీ, సాగరతలము అన్న పదప్రయోగం గంభీరంగా ఉందనీ మెచ్చుకుని, 'గమనార్హము అను పదము వలన ఏదో గమనించదగినది కలదను సందేహము చదువరికి కలుగుచున్నది. పునరాలోచించగలరు' అని సూచించారు. కాగితం సమాఖ్యపట్ల నా అంకితభావాన్ని శ్లాఘిస్తూ ముగిసింది.

నేను పునరాలోచించాను. గమనార్హము కొట్టేసి, ఆనందదాయకము అని రాసిచ్చాను.

సత్యవేణి వెనక బెంచీలో లేచి నిలబడింది. "అయ్యా, గడువు పంతొమ్మిది రోజులే ఉందండి. పౌర్ణమి పోటొస్తే ఆ గోడ ఆగదండి. ఆవిడ ఆ ఇంట్లోనే పడుకుంటంది. ఎవరన్నా ఒక్కళ్ళు ఇదీ సంగతని చెప్పేద్దురూ."

భీమశంకరం గారు మంచివారు. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి. "అమ్మా, మీ ఆవేదన సమాఖ్య సానుభూతితో పరిగణించింది. అందుకే మీ ఛాయాచిత్రాన్ని మిగతావాటికంటె ముందు, అత్యవసర అంశంగా చేపట్టాం. మీ ఒక్క చిత్రం మీద ఇప్పటికి నలభై ఒక్క కాగితం నడిచింది. ఇంతటి శ్రద్ధ మరే సభ్యుడి కృషికీ దక్కలేదు."

అది నిజమే. దక్కడానికి మరే సభ్యుడూ ఫోటో తేలేదు. ఫోటో తీస్తే అభిప్రాయం వింటారు, అంతే. అదే అభిప్రాయం రాస్తే దాన్ని చదివి మెచ్చుకుంటూ ఉపసంఘం మొత్తం సంతకాలు చేస్తుంది. నేను కూడా ఆ వారం సూర్యోదయానికి లేవలేదు. లేచి ఫారం రాశాను.

మూడో ఆదివారానికి అది పోటీ అయింది. ఉత్తమ నిర్మాణాత్మక అభిప్రాయానికి శాలువా, జ్ఞాపిక. అందరూ ఒకే ఫోటో మీద రాస్తేనే పోటీ న్యాయంగా ఉంటుందని సత్యవేణి ఫోటోను సమాఖ్య అధికారిక ఛాయాచిత్రంగా ప్రకటించారు. దాన్ని పెద్దది చేయించి అద్దం కట్టించారు. ఇక దానికి ఎవరూ మార్పులు చేయరాదని తీర్మానించారు, మార్పులు చేస్తే అప్పటిదాకా రాసిన అభిప్రాయాలు చెల్లకుండా పోతాయి గనక. నూట పన్నెండు ఎంట్రీలొచ్చాయి. పక్క ఊళ్ళ సంఘాలనుంచి కూడా రాశారు. వాళ్ళలో చాలామంది ఫోటో చూడలేదు. చూడనివాళ్ళ ప్రశంసల్లో తడబాటు లేదని ఉపసంఘం ప్రత్యేకంగా పేర్కొంది.

ఎంపికైన అభిప్రాయాలకు ఫ్రేములు కట్టించి ప్రదర్శన పెట్టాలని నిశ్చయించారు. గ్రంథాలయం హాలు శుక్రవారం నాడే ఖాళీగా ఉంది. నేను తేదీ రాసుకుంటూ లెక్క వేశాను. సత్యవేణి గడువు ఆ శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు తీరుతుంది. లెక్కల మాస్టారిని, అంతవరకు ఏ ఇబ్బందీ లేకుండా లెక్క వచ్చింది. ఆ తేదీ పక్కన ఏం రాయాలో తోచక పుస్తకం మూసేశాను.

శుక్రవారం ఉదయంనుంచీ హాలు నిండుగా ఉంది. మూడు గోడలకూ ఫ్రేములు కట్టిన అభిప్రాయాలు. నాలుగో గోడ మధ్యలో, ఎవరైనా అడుగుతారేమోనని, ఫోటో. జనం ఫ్రేముల దగ్గర ఆగి చదువుతున్నారు. ఫోటో దగ్గర ఎవరూ ఆగడంలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకు సత్యవేణి వచ్చింది. ఆమె వెంట అరవయ్యేళ్ళ ఆవిడ. నీలంరంగు చీర మోకాళ్ళ కింద వరకు ఎత్తి కట్టింది. చెవులకు బరువైన కమ్మలు. సత్యవేణి నేరుగా అధ్యక్షుల దగ్గరికి నడిచింది.

"ఈవిడే పోలమ్మ పిన్నండి. నా మొహం చూస్తే మీకు చెప్పబుద్ధి కాలేదు. ఈవిణ్ణి చూస్తేనన్నా చెప్తారని తీసుకొచ్చేను. సాయంత్రం ఐదింటికి ఆఫీసు మూసేస్తారండి."

భీమశంకరం గారు లేచి నమస్కారం పెట్టారు. "అమ్మా, మా అధికారిక ఛాయాచిత్రంలోని స్త్రీమూర్తి మీరేనని తెలిసి సమాఖ్య గర్విస్తోంది. మీ శిరస్సు వాల్చిన భంగిమ మీద ముప్ఫై ఎనిమిది అభిప్రాయాలొచ్చాయి."

"తల వాల్చేనా?" అంది పోలమ్మ. "నాకేం మెడనొప్పి లేదే బాబూ. ఏదీ, సూపించండి."

సత్యవేణి ఆమెను ఫోటో ముందుకు తీసుకెళ్ళింది. పోలమ్మ కళ్ళు చికిలించి చూసింది. దగ్గరికెళ్ళి చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది.

"ఏటే నర్సమ్మా, సముద్రాన్ని ఇలాగ ఏలాడదీసేవు? పుట్టిన కాణ్ణించి సూత్తన్నాను, అదెప్పుడూ ఒరగలేదు. ఒరిగింది మా ఇల్లు కదేటి."

ఆ మాట ఫారం లేకుండా వచ్చింది. ఒక్క ప్రశంస కూడా ముందు రాలేదు.

పోలమ్మ చెయ్యి చాపి, ఫ్రేము కుడివైపు మూల పట్టుకుని కిందికి లాగింది. మేకు మీద ఫ్రేము తిరిగింది. సముద్రం నెమ్మదిగా సమంగా వచ్చి ఆగింది. గుమ్మంలో కూర్చున్న పోలమ్మ తల నిటారుగా అయింది. ఇల్లు మాత్రం, గోడలూ గుమ్మమూ కప్పూ మొత్తం, కుడివైపు సముద్రం మీదికి వాలిపోయింది. ఎంత వాలిందంటే, ముందు వరసలో ఉన్న సదాశివమూర్తి గారు అసంకల్పితంగా ఒక చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇదీ మా ఇల్లు," అంది పోలమ్మ.

సత్యవేణి ఫోటో ముందు అలాగే నిలబడిపోయింది. "ద్వారబంధం చూసుకుని తీసేనండి," అంది చివరికి, ఎవరితోనో తెలియకుండా. "ద్వారబంధం తిన్నగా రావాలని కెమెరా తిప్పుకున్నాను. మూడుసార్లూ అంతే. ఒరిగిపోయిన ఇంటిని నేనే నిలబెట్టేసేను."

అప్పుడు వెనకనుంచి కన్నబాబు వచ్చాడు. మాట్లాడలేదు. అతని శ్రోతృత్వానికి ఇంకా రెండు నెలలుంది. సత్యవేణి చేతిలోని కెమెరా తీసుకుని, మెట్లవైపు తల ఊపి, ముందు నడిచాడు. ఆమె పోలమ్మ చెయ్యి పట్టుకుని వెనకాలే వెళ్ళింది.

"అధికారిక ఛాయాచిత్రానికి మార్పులు చేయరాదు," అన్నారు అధ్యక్షులు. అయితే ఆయన అది చాలా మెల్లగా అన్నారు, వాళ్ళు మెట్లు దిగిన తర్వాత అన్నారు.

నేను కూడా దిగాను. బస్టాండు దగ్గర స్టూడియోలో కన్నబాబు కంప్యూటరు ముందు కూర్చుని ఫోటో తెరిచాడు. సముద్రం గీత వెంట ఒక పొడుగుగీత గీశాడు. ఫోటో తిరిగింది. అంచులు కత్తిరించాడు. మూడు ప్రతులు తీశాడు. పది నిమిషాలు పట్టింది. ఇరవయ్యారు రోజులు ఏ మాట కోసం సత్యవేణి ఎదురుచూసిందో ఆ మాట పని మొత్తం పది నిమిషాలు.

కవరు అంటిస్తున్న సత్యవేణి దగ్గరికి వెళ్ళి, "మొదటి ఆదివారమే నాకు కనబడిందమ్మా," అన్నాను.

"తెల్సండి. మీరందరూ తలలు వంచి చూసేరు కదా. అప్పుడు నా ఫోటో అంత మనసుకి తగిలిందేమో అనుకున్నాను." ఆమె కవరు అంచు వేలితో నొక్కింది. "చెబితే నేనేమన్నా తెర పట్టుకెళ్ళిపోతానా మాస్టారూ?"

నేను మోటారు సైకిలు తీశాను. స్కూటరు మీద వాళ్ళిద్దరూ, వెనక నేను, మూడున్నరకు మండలాఫీసు చేరాం. అక్కడి గుమాస్తా పాత ఫోటోనూ కొత్త ఫోటోనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "నెల్లాళ్ళలో ఇల్లు ఇంతలా ఒరిగిపోయిందామ్మా?" అన్నాడు జాలిగా. సత్యవేణి నోరు తెరవబోయింది. పోలమ్మ ఆమె మోచెయ్యి గిల్లింది. గుమాస్తా కాగితం మీద రాశాడు: 'అర్జీదారు గృహము సముద్రాభిముఖముగా ఒరిగియున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. తక్షణ చర్యకై సిఫారసు చేయడమైనది.'

ఆ ఆదివారమే పోలమ్మను కట్ట ఇవతల తుపాను షెల్టరులోకి మార్చారు. తర్వాతి గురువారం పౌర్ణమి. పోటు వచ్చి మధ్యాహ్నం భోజనాల వేళ ఆ ఇల్లు తీసుకెళ్ళింది. ముందు గోడ పడింది, తర్వాత కప్పు. సత్యవేణి దూరంనుంచి చూసిందట. కెమెరా చేతిలోనే ఉందిగానీ తియ్యలేదని చెప్పింది.

మా సమాఖ్య మాత్రం ఆ శుక్రవారాన్ని అంత సులువుగా వదల్లేదు. సభ్యురాలు కాని వ్యక్తి, ఫారం లేకుండా, నోటిమాటగా, ప్రశంసలు లేని అభిప్రాయం వెలిబుచ్చి, పైగా దాన్ని చేత్తో అమలు చేసిన ఘటన మీద ఉపసంఘం రెండు వారాలు చర్చించింది. సదాశివమూర్తి గారు మొదట కఠినంగానే ఉన్నారు. చివర్లో ఎందుకోగాని, "ఆవిడ చెప్పాక నాకూ ఇల్లు సరిగ్గా కనబడింది," అన్నారు. ఆ మాట మినిట్సులో ఎక్కించవద్దని కూడా అన్నారు. ఆవిడ తరఫున ఫారం భర్తీ చేయించి, వెనకటి తేదీతో క్రమబద్ధం చేయాలని తీర్మానం అయింది. కార్యదర్శిని గనక ఆ పని నాకు పడింది.

కాగితాలు పట్టుకుని రేవుపాకలు వెళ్ళాను. కట్ట ఇవతల పోలమ్మకు ఇచ్చిన స్థలంలో ముగ్గుపోసి పునాది తవ్వుతున్నారు. ఆమె ఒక ఇటుకల దొంతర మీద కూర్చుని తవ్వేవాళ్ళకు పనిచెబుతోంది. నేను ఫారం సంగతి వివరంగా చెప్పాను. రెండు ప్రశంసలు, ఒక సూచన, ఒక ప్రశంస. ఆమె ఓపిగ్గా విన్నది.

"రాసుకోండి మేస్టారూ," అంది. "నర్సమ్మ మంచిది. ఆ ఫోటో స్టూడియో ఆయన మంచోడు. సముద్రం తిన్నగా ఉంటది. మిగతాది మీరే ఏసుకోండి, నాకు పనుంది."

అలాగే రాసి వేలిముద్ర వేయించుకున్నాను. మూడు ప్రతులకూ వేసింది. తర్వాత నా మెడలో కెమెరా చూసి, "ఓ ఫోటో తియ్యండి బాబూ, మా సెల్లికి పంపుతాను, తునిలో ఉంటది," అని లేచి, పునాది గుంట పక్కన నిలబడి చీర సర్దుకుంది.

జాగ్రత్తగా తీశాను. వెనక కట్ట సమంగా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. తీసి, దగ్గరికెళ్ళి కెమెరా వెనక తెర మీద చూపించాను. సముద్రపు గాలికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తుడుచుకుని, వంగి చూసింది.

"నా కాళ్ళేయి? కాళ్ళు లేకండా తీసేరు. పునాదీ పడలేదు," అంది.

ఆరేళ్ళలో నా ఫోటో మీద 'బాగుంది' కాక ఎవరైనా చెప్పిన మొదటి మాట అది. నాకు కోపం రాలేదు. కడుపు నిండినట్టయింది.

"ఎనక్కెళ్ళండి. ఇంకా ఎనక్కి," అంది ఆమె, మళ్ళీ తన చోటుకు వెళ్ళి నిలబడుతూ.

నేను ఇటుకలు చూసుకుంటూ వెనక్కి నడిచాను.